ఏపాటి ట్యాంకు కొనాలి?

పెద్ద వస్తువు కొనడం తేలిక. బీరువా కొనాలంటే గది కొలుచుకుని, గుమ్మం కొలుచుకుని, చేతిలో డబ్బు లెక్క చూసుకుంటే తీరిపోతుంది. చిన్న వస్తువు కొనవలసి వచ్చినప్పుడే ఇంటిల్లిపాదికీ పంచాయితీ. అందులోనూ ఆ చిన్న వస్తువు మరో పెద్ద వస్తువుకు బొమ్మ అయితే ఇహ చెప్పనక్కర లేదు. ఎంత చిన్నదిగా ఉండాలి? ఎవరు చేసినది కొనాలి? ఈ రెండు ప్రశ్నల మీద మా మూడు కుటుంబాలు దసరా నుంచి సంక్రాంతి దాకా వాదించుకున్నాయి.

ఆ వస్తువు పేరు ట్యాంకు. "పిల్లలకు ట్యాంకులు కావాలట" అని నేనన్నప్పుడు మా ఇంటావిడ డాబా మీది నీళ్ల ట్యాంకు అనుకుని, "ఉన్నది చాలదా? వెయ్యి లీటర్లు పడుతుంది గదా" అంది. నీళ్లది కాదు, యుద్ధంలో నడిచేది, అదీ అరచేతిలో పట్టేది అని చెప్పాక ఆవిడ నావంక చూసిన చూపును ఇక్కడ వర్ణించను.

ఆట చాలా పాతది. పేరే కొత్తది. చతురంగమంటే నాలుగు అంగాల సైన్యమే గదా! రథ, గజ, తురగ, పదాతులను గళ్ల మీద నడిపించిన జాతి మనది. ఐరోపాలో 19వ శతాబ్దపు తొలి రోజుల్లో ప్రష్యా సైనికాధికారులు గళ్లు తీసేసి, నేలను పోలిన పటం మీద దళాలను నడిపి, పాచికలు వేసి ఫలితం తేల్చుకునేవారు. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత దానిని ఇంట్లో ఆడుకునే ఆటగా మలచి 'లిటిల్ వార్స్' అని పుస్తకం రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ఆడుతున్నారు. బల్ల మీద చిన్న చిన్న చెట్లు, ఊళ్లు, కాలువలు పేర్చి, టేపుతో అంగుళాలు కొలిచి ట్యాంకును జరుపుతారు. పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో చూస్తారు. అంతే ఆట.

మా వాళ్లకు ఇది పట్టుకోవడానికి కారణం ఆట ఒక్కటే కాదు. మేము ముగ్గురన్నదమ్ములం. నేను మానుకోటలో ఉంటాను. కాగితాల్లో మహబూబాబాద్ అని రాసినా మా నోటికి మానుకోటే. పెద్ద తమ్ముడిది జనగామ. చిన్న తమ్ముడు భూపాలపల్లిలో, సింగరేణి ఉద్యోగం. 2016 దాకా మూడూళ్లూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఆ యేడు జిల్లాలు విడదీసినప్పుడు మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి. అంతకు కొన్నాళ్ల ముందే మా ఇంటి భాగాలూ పంచుకున్నాం. రాకపోకలు పండుగలకే పరిమితమయ్యాయి. పండుగకు వచ్చిన పిల్లలు కూడా ఎవరి ఫోను వాళ్లు పట్టుకుని ఎవరి మూల వాళ్లు కూర్చునేవారు. అట్లాంటిది మా అబ్బాయి, జనగామ తమ్ముడి కొడుకు, భూపాలపల్లి తమ్ముడి కూతురు మొన్న దసరాకు ఒకే ఆట మీద మనసుపడ్డారు. ముగ్గురూ తలా కొన్ని ట్యాంకులు కొనుక్కోవాలని, పండుగలకు కలిసినప్పుడు ఒకే బల్ల మీద ఆడాలని ఒప్పందం. ముగ్గురి ట్యాంకులూ ఒకే పాటివి కాకపోతే ఆట సాగదు. ఎవరి బీరువాలో వాళ్ల బొమ్మలు మిగిలిపోతాయి. అందుకని ఈ కొలతల గొడవలో నేను తలదూర్చాను.

కొలత సంగతి చెబుతాను. 1/100 అని పెట్టె మీద ఉంటే, అసలు ట్యాంకు బొమ్మకు నూరింతలు పొడవని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన అమెరికా ట్యాంకు షెర్మన్ పొడవు దాదాపు 5.84 మీటర్లు. దానిని 1/35లో చేస్తే ఆరున్నర అంగుళాలు, 1/56లో నాలుగంగుళాలు, 1/72లో మూడంగుళాల చిల్లర, 1/100లో రెండుంబావు అంగుళాలు, 1/285లో ముప్పాతిక అంగుళం. 1/600 కూడా ఉంది. అందులో షెర్మన్ పొడవు ఒక్క సెంటీమీటరు, అంటే చింతగింజంత.

ఈ అంకెలు ఎక్కడివక్కడ పుట్టాయి. ఒక శాస్త్రమేమీ లేదు. 1/72 అంటే ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తున నిలబడతాడు. అది లెక్కకు సుఖం. 1/76 ఇంగ్లండు బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు వాళ్ల లెక్క. 1/35 కథ మరీ వింత. 1960ల ఆరంభంలో జపాను వారి తమియా కంపెనీ మోటారుతో నడిచే ప్యాంథర్ ట్యాంకు చేయదలచింది. లోపల బ్యాటరీలు పట్టేటట్టు పెట్టె చేసి, తర్వాత కొలిచి చూసుకుంటే అది 1/35 అయింది! ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది. కొందరు ట్యాంకును వదిలి మనిషి ఎత్తును చెబుతారు. 15 మి.మీ. అంటే ఇంచుమించు 1/100, 28 మి.మీ. అంటే 1/56. ఆ మనిషిని నడినెత్తి దాకా కొలవాలా, కంటి దాకానా అని వాళ్లలో వాళ్లకు ఇంకా తగాదాలే. మన శిల్పులు ముఖం పొడవును తాళమని పెట్టుకుని విగ్రహమంతా కొలిచేవారు. ఆ పద్ధతే నయమనిపించింది నాకు.

మా అబ్బాయికి 1/35 కావాలి. అందులో బోల్టులు కూడా లెక్కపెట్టవచ్చునట. జనగామ వాడికి 1/285 కావాలి. అమెరికాలో జి.హెచ్.క్యూ. అనే కంపెనీ 1967 నుంచి ఈ పాటివి చేస్తోంది. ఒక పొట్లంలో ఐదు ట్యాంకులు వస్తాయి, పటాలం మొత్తం దించవచ్చు. ఇంగ్లండులో హీరోయిక్స్ అండ్ రాస్ వారు 1/300లో చేస్తారు. రెండింటికీ తేడా మిల్లీమీటరే గనక కలిపి ఆడుకోవచ్చు. భూపాలపల్లి పిల్ల మాత్రం ఏమీ తేల్చకుండా, "పెద్దనాయినా, ముందు బల్ల కొలువుండ్రి" అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో పాత శుభలేఖలు బోలెడున్నాయి. అట్ట మందంగా ఉంటుంది. ఒక్కొక్క కొలతలో షెర్మన్ పొడవు వెడల్పు గీసి, పదేసి ముక్కలు కత్తిరించాం. భోజనాల బల్ల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాని మీద వరుసగా పేర్చి చూశాం. 1/35 ముక్కలు పది పెట్టేసరికి కేసముద్రం మార్కెట్టులో మిర్చి లారీలు నిలిపినట్లయింది. కదలడానికి చోటు లేదు. 1/56 అంతకు నయం, కాని అటు ఐదు ఇటు ఐదు దాటితే అదే అవస్థ. 1/72 పరవాలేదు. 1/100లో ఇరవై ముక్కలు పెట్టినా మధ్యలో ఊరు, తోట, కాలువ పట్టాయి. 1/285 ముక్కలు నిజంగా మైదానంలో ట్యాంకులు విడివిడిగా పోతున్నట్టే ఉన్నాయి.

ఆ తర్వాత అమ్మాయి లెక్క వేసింది. ట్యాంకు ఫిరంగి వెయ్యి మీటర్ల దూరం కొడుతుందనుకుందాం. 1/72లో ఆ దూరం దాదాపు 14 మీటర్లు. మా బల్ల నుంచి కొడితే గుండు పక్కింటి వంటింట్లో పడుతుంది! 1/100లో 10 మీటర్లు. 1/285లో కూడా మూడున్నర మీటర్లు, అంటే ఇంచుమించు రెండు బల్లల పొడవు. అందుచేత ఈ కొలతల్లో దేనిలోనైనా నేలను ట్యాంకుకంటే ఎక్కువగా కుదించక తప్పదు. ఆట నియమాలు రాసినవాళ్లు చేసే పని అదే. అయినా బొమ్మ చిన్నదయ్యేకొద్దీ కంటికి ఆ అబద్ధం తగ్గుతుంది.

మరి 1/285 తీసుకుంటే పోలేదా? అక్కడే మా అమ్మ అడ్డుపడింది.

మా అమ్మకు ఎనభై దాటాయి. పులిజూదంలో ఇప్పటికీ మమ్మల్ని గెలవనివ్వదు. మొదట ఆమె ప్రశ్న సబబుగానే ఉంది. "చింతగింజ పులి అయితది, గులకరాయి మేక అయితది. గిన్ని పైసలు పెట్టి ఈ ఇనుప ముక్కలెందుకురా?" పిల్లలు జవాబు వెతుక్కుంటూండగా ఆమె ఒక ముక్కను వేలితో పైకెత్తి, "దీంట్ల ఎందరుంటరు?" అనడిగింది. షెర్మన్‌లో ఐదుగురు, సెంచూరియన్‌లో నలుగురు అని జనగామవాడు గడగడా అప్పజెప్పాడు. "మరి ఇది పడిపోతె వాళ్లేమైతరు?"

ఎవరూ మాట్లాడలేదు.

ఆమెకు ఈ ప్రశ్న పుస్తకంలోనుంచి రాలేదు. ఆమె పుట్టిల్లు జనగామ వైపు పల్లె. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య కడవెండిలో తూటా దెబ్బకు ఒరిగింది ఆ తాలూకాలోనే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైనికులు ఊరివాళ్లను బారుగా నిలబెట్టి కాల్చిందీ ఆ పక్కనే. అప్పటికి అమ్మకు ఏడెనిమిదేళ్లు. మూడు వారాలు తిరగకుండా, సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. షోలాపూరు వైపు నుంచి ట్యాంకులతో ప్రధాన దళం, బెజవాడ వైపు నుంచి మరొకటి. నిజాం వద్ద ట్యాంకులు లేవు, హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ శకటాలు ఉండేవి. 17వ తేదీకి కథ ముగిసింది. పిల్లలు మొదట ఆడదామనుకున్నది ఆ ఐదు రోజుల యుద్ధమే. మన గడ్డ మీద ట్యాంకులు నడిచిన యుద్ధం గనక. అమ్మ ఒప్పుకోలేదు. "అది నేను చూసినదిరా. దాన్ని బల్ల మీద పెట్టకుండ్రి" అంది. పెట్టలేదు.

బదులుగా 1965 యుద్ధాన్ని తీసుకున్నారు. అందులోనూ మనకు బంధుత్వం లేకపోలేదు. ఆ సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు రాత్రికి రాత్రి పొలాలకు నీళ్లు వదిలారు. చెరకు తోటల్లో మాటువేశారు. పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ఎన్నో బురదలో కూరుకుపోయాయి. అక్కడ పోరాడిన మూడు ట్యాంకు దళాల్లో ఒకటి దక్కన్ హార్స్. ఒకప్పటి హైదరాబాదు కంటింజెంటు గుర్రపు దళాల వారసురాలు. దానివి పాత షెర్మన్‌లు. థర్డ్ క్యావల్రీకి సెంచూరియన్‌లు, ఎయిత్ క్యావల్రీకి ఫ్రెంచి ఎ.ఎం.ఎక్స్.-13లు. ఇహ సియాల్‌కోట వైపు పూనా హార్స్‌ను నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్ తొలుత హైదరాబాదు సంస్థాన సైన్యంలో కొలువు చేసినవాడే. గాయపడి కూడా వెనక్కు పోనని, సెప్టెంబరు 16న యుద్ధభూమిలోనే ప్రాణం విడిచాడు. పరమవీర చక్ర ఇచ్చారు.

తారాపూర్ కథ చదివి వినిపిస్తుండగా అమ్మాయి ఒక సంగతి పట్టుకుంది. నాయకుడు ట్యాంకు పైమూత తెరిచి తల బయటపెట్టి చూస్తాడు. లోపల కూర్చుంటే దారి సరిగా కనిపించదు. ఆ తల ఏ కొలతలో కనిపిస్తుంది? 1/600లో లేదు. 1/285లో సూదిమొనంత. 1/100లో కందిగింజలో సగముంటుంది, అయినా ముఖమని తెలుస్తుంది, టోపీ తెలుస్తుంది. "నాయనమ్మ అడిగిన మనుషులు కనబడే కొలత ఇది" అంది అమ్మాయి. మనిషి కనబడేటంత పెద్దది, పోరు పట్టేటంత చిన్నది. దానితో వాదం ముగిసింది.

ఆ మాట విన్నప్పుడు నాకు పాలంపేట గుర్తొచ్చింది. 1213 నాటి రామప్ప గుడి భూపాలపల్లికి ఎంతో దూరం కాదు. అక్కడ శిల్పి గుడి చుట్టూ పీఠం మీద ఏనుగుల బారు చెక్కాడు. చిన్నవి, ఒకదాని వెనుక ఒకటి. అది చూస్తే సేన కదులుతున్నట్టుంటుంది, ఏ ఏనుగు ముఖమూ విడిగా గుర్తుండదు. పైన చూరు కింద నల్లరాతి మదనికలను పెద్దవిగా మలిచాడు. ఒక్కొక్క దానిది ఒక్కొక్క ముఖం. ఏది సమూహంగా చూపాలో, ఏది వ్యక్తిగా చూపాలో నిర్ణయించుకున్నాకే అతడు ఉలి పట్టాడు. కొలత వెనుక ఉన్న అసలు ప్రశ్న అదే.

ఇహ తయారీదారు. కొలత తేలాక ఇది సగం తేలినట్టే. జనగామ పక్కనే పెంబర్తి ఉంది గదా, ఇత్తడి పనివాళ్లచేత చేయిద్దామని పెద్ద తమ్ముడన్నాడు. అక్కడి పెద్దాయన ఒకరు మా అట్టముక్క చూసి నవ్వి, రేకు మీద ఏ బొమ్మనైనా లేపవచ్చు గాని, ఇరవై ఒకే తీరుగా రావాలంటే అచ్చు చేయాలి, ఇరవైకోసం అచ్చు చేస్తే బొమ్మకంటే అచ్చే ప్రియమవుతుందని చెప్పాడు. ఆ ఒక్క మాటలో ఈ వ్యాపారమంతా ఉంది. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. దానికి బోలెడు ఖర్చు. అందుచేత ప్లాస్టిక్ వాళ్లు వేలకువేలు అమ్ముడయ్యే ట్యాంకులే చేస్తారు. షెర్మన్ కావాలంటే పదిమంది చేస్తారు. తెల్లలోహం పోత పోసేవాళ్లకు రబ్బరు అచ్చు చాలు, అందుచేత ఎవరూ అడగని ట్యాంకులు కూడా వాళ్ల దగ్గర దొరుకుతాయి. ఇప్పుడు త్రీడీ ప్రింటరు మీద రెసిన్‌తో చేసేవాళ్లకు అచ్చే అక్కరలేదు, హైదరాబాదులోనే చేసి పంపుతారు. కాని సన్నని ఫిరంగి గొట్టం పుటుక్కున విరుగుతుంది.

రెండో పరీక్ష ప్రయాణం. జనగామ నుంచి మానుకోటకు రైలుంది. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా హనుమకొండకు బస్సు, అక్కడి నుంచి మరో బండి. లోహపు ట్యాంకులు బరువు, ఒకదానికొకటి తగిలి రంగు రాలుతుంది, గొట్టాలు వంగుతాయి. ప్లాస్టిక్‌వి మిఠాయి పెట్టెలో దూది పరిచి పెడితే చెక్కుచెదరవు. 1/100 ట్యాంకులు కిలో మిఠాయి పెట్టెలో ఎనిమిది పట్టాయి.

మూడోది డబ్బు. విదేశీ బొమ్మల మీద సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. కాబట్టి పెట్టె మీది ధర చూసి మురిసిపోకుండా తపాలా, సుంకం కలుపుకుని చూడాలి. ఒక్కొక్క ట్యాంకు విడిగా తెప్పించేకంటే దళం మొత్తం ఒకే పెట్టెలో వచ్చేది నయం. పెద్ద కొలతల్లో పెట్టెకు ఒక్కటే వస్తుంది.

ఈ మూడింటికీ నిలిచింది న్యూజిలాండు బ్యాటిల్‌ఫ్రంట్ కంపెనీ. వాళ్లు 1967 నాటి అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం కోసం 1/100లో సెంచూరియన్, ప్యాటన్ రెండూ చేశారు. చిత్రమేమంటే ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యంలో ఆ రెండూ ఒకే పక్షాన ఉన్నాయి. రెండేళ్ల ముందు పంజాబులో అవి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇసుక రంగు బదులు ముదురు ఆకుపచ్చ పూస్తే మన యుద్ధానికి సరిపోయాయి. దక్కన్ హార్స్ షెర్మన్‌లకు ఇంగ్లండు ప్లాస్టిక్ సోల్జర్ కంపెనీ పెట్టె ఒకటి, ఐదు ట్యాంకులది. ఎ.ఎం.ఎక్స్.-13లు మూడు రెసిన్‌వి, వాటిని మానుకోటలోనే ఉంచాలని నిర్ణయం. చెరకు తోటకు మాత్రం విదేశాలకు పోలేదు. చీపురు పుల్లలు, జనపనార చాలాయి. పాత చీపురు అమ్మే ఇచ్చింది.

ఇచ్చేముందు ఒక షరతు పెట్టింది. ట్యాంకు పడినప్పుడల్లా అందులో ఎందరో పుస్తకంలో రాయాలి. రెండు పక్షాలవీ రాయాలి.

సంక్రాంతికి ముగ్గురూ మా బల్ల చుట్టూ చేరారు. తమ్ముళ్లిద్దరూ కూడా కుర్చీలు లాక్కుని, ఎవరి పిల్లల పక్షాన వాళ్లు సలహాలిస్తూ సాయంత్రం దాకా లేవలేదు. ఇల్లు పంచుకున్నాక మేం ముగ్గురం ఒకే బల్ల ముందు అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ఆట ముగిశాక లెక్క చూస్తే ప్యాటన్‌లు నాలుగు, షెర్మన్‌లు రెండు, సెంచూరియన్ ఒకటి పడ్డాయి. ప్యాటన్‌కు నలుగురు చొప్పున 16, షెర్మన్‌లవి 10, సెంచూరియన్‌ది 4. మొత్తం 30.

అమ్మ అంకె విని, "మల్లొచ్చే పండుగకు తక్కువ చేయుండ్రి" అంది. పిల్లలు ఆ మాటను ఆట నియమాల్లో చేర్చారు. శత్రువు ట్యాంకులు ఎన్ని పగిలాయన్నదానితో గెలుపు తేలదు, ఊరూ వంతెనా నిలబెట్టుకుంటూ తన మనుషులను ఎక్కువమందిని ఇంటికి తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. అప్పటి నుంచి భూపాలపల్లి పిల్ల ఒక్క ట్యాంకును కూడా ఊరికే ముందుకు తోయడం లేదని జనగామవాడు ఫోనులో వాపోతున్నాడు.

మీ ఇంట్లోనూ పిల్లలెవరైనా ఇట్లాంటి కోరిక కోరితే కంపెనీల పట్టికలు తిరగేసే ముందు పాత శుభలేఖలు నాలుగు తీసి కత్తిరించండి. మీ బల్ల మీద పేర్చి చూడండి. ఆడబోయే వాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని మరీ చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను కూడా ఒక ప్రశ్న అడగనివ్వండి.